ఇంజను మరిగితే ఏం చూడాలి? రేడియేటర్ చరిత్రే చెబుతుంది!

సికింద్రాబాద్ నుంచి బయలుదేరిన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరా చేరబోతూ దాటే చిట్టచివరి స్టేషన్ టికియాపారా. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న హౌరా నగరంలో ఇదొక పేట. హౌరా అంటేనే లేతు మిషన్లకూ, ఇనుప పోతపనికీ, చిన్న చిన్న ఇంజనీరింగ్ షాపులకూ పేరు. ఎండాకాలం మధ్యాహ్నం ఇక్కడి రద్దీలో బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుతూ నిలబడిన కారు కనిపిస్తే ఎవరూ వింతపడరు.

అలాంటప్పుడు చాలామందికి మొదట తోచే పని, రేడియేటర్ మూత తిప్పి నీళ్ళు పోయడం. సరిగ్గా ఆ పనే చేయకూడదు! ఎందుకు చేయకూడదో, మరేం చేయాలో తెలియాలంటే బానెట్ కింది భాగాలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలి. వాటిలో ప్రతి ఒక్కటీ ఒకనాటి చిక్కుకు దొరికిన జవాబే.

నీళ్ళు తాగే బండి

సాధారణ పెట్రోలు ఇంజనులో ఇంధనం ఇచ్చే శక్తిలో పావు నుంచి మూడో వంతు వరకే పనిగా మారుతుంది. తక్కినదంతా ఉష్ణమే. సిలిండర్‌లో మండే వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అల్యూమినియమేమో 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అందుకే సిలిండర్ గోడల చుట్టూ నీరు ఉంచడం అవసరమైంది.

1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన మూడు చక్రాల బండికి నేటి కార్లకున్నట్టు రేడియేటర్ లేదు. అందులో నీరు మరిగి ఆవిరైపోయేది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2260 కిలోజౌళ్ళ గుప్తోష్ణం కావాలి. కాబట్టి ఇంజను చల్లబడేది గాని, నీరు నిలిచేది కాదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, 100 కిలోమీటర్లకు పైగా, ఆ బండిలో వెళ్ళింది. దారి పొడవునా నీళ్ళు పోస్తూనే ఉండాల్సి వచ్చింది. ఇంధన గొట్టంలో అడ్డుపడిన మురికిని టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసేసింది. సొంత చేతులతో కారు బాగుచేసుకున్న తొలివారిలో ఆమె ఒకరు.

తేనెపట్టు నుంచి కుక్కర్ మూత వరకు

వాడిన నీటినే మళ్ళీ వాడుకోవడం ఎలా? 1900లో విల్హెల్మ్ మేబాక్ తేనెపట్టు ఆకారపు రేడియేటర్‌తో దారి చూపాడు. మెర్సిడెస్ కారు కోసం చేసిన ఆ రేడియేటర్‌లో 8 వేలకు పైగా సన్నని గొట్టాలున్నాయి. గాలికి తగిలే ఉపరితల వైశాల్యం పెరగడంతో కొద్దిపాటి నీరే సరిపోయింది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కార్లలో మొదటి రెండున్నర వేలకు తప్ప నీటి పంపు లేదు. వేడినీరు తేలికై పైకి, చల్లని నీరు కిందికి పోయే ఉష్ణసంవహనమే ఆ పని చేసేది. అయితే నీటి మట్టం పై గొట్టం కన్నా తగ్గితే ప్రవాహం ఆగిపోయేది. ఇంజన్లు బలపడిన కొద్దీ పంపు తప్పనిసరి అయింది.

చల్లగా ఉన్న ఇంజను త్వరగా వేడెక్కడమూ అవసరమే. అందుకే థర్మోస్టాట్ వచ్చింది. 1930ల దశకంలో సెర్జియస్ వెర్నే దీనికి మైనాన్ని వాడాడు. మైనం కరిగి వ్యాకోచిస్తే కవాటం తెరుచుకుని, నీరు రేడియేటర్‌లోకి పోతుంది.

చివరిది పీడనపు మూత. దీని సూత్రం 1679లో డెనిస్ పాపిన్ చూపించిన ఆవిరి పాత్రది, మన ప్రెషర్ కుక్కర్‌ది. వాతావరణ పీడనానికి మరో అంత పీడనం కలిస్తే నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. వేడి మీద మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. నీరు భగ్గున ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. విజిల్ పడకుండా కుక్కర్ మూత లాగితే ఏమవుతుందో ఇక్కడా అదే!

ఒక బెల్టు, మూడు పనులు

హౌరా నుంచే మరో లైను మీద హింద్ మోటార్ అనే స్టేషన్ ఉంది. అక్కడి ఉత్తర్‌పారా కర్మాగారంలో 1957 నుంచి 2014 వరకు అంబాసిడర్ కార్లు తయారయ్యాయి. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. దాని 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో ఒకే బెల్టు ఫ్యాన్‌నూ, నీటి పంపునూ, డైనమోనూ తిప్పేది. బెల్టు తెగితే బ్యాటరీ ఛార్జింగ్ దీపం వెలిగేది, ఇంజనూ వేడెక్కేది. రెండు లక్షణాలకు ఒకే కారణం!

ఇప్పుడు మన కారు సంగతి. ముల్లు ఎర్రగీత వైపు పోతే బండిని పక్కకు తీసి ఇంజను ఆపండి. పూర్తిగా చల్లారే వరకు మూత ముట్టవద్దు. కాలిన ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరిస్తే లోహం పగలవచ్చు. ఆ తరవాత చరిత్ర నడిచిన వరసలోనే పరీక్షించండి.

మొదట నీటి మట్టం, కారు కింద తడి. రెండోది రేడియేటర్ రెక్కల్లో దుమ్ము. మూడోది బెల్టు, పంపు. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కితే ఫ్యాన్‌ను, వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే పూడుకుపోయిన రేడియేటర్‌ను అనుమానించాలి. కొత్త కార్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజను ఆపినా తిరగవచ్చు, వేళ్ళు జాగ్రత్త! నాలుగోది థర్మోస్టాట్. ఇంజను కాలిపోతున్నా రేడియేటర్ చల్లగానే ఉంటే అది మూసుకుపోయిందేమో చూడాలి. దాన్ని విప్పి, గిన్నెడు నీళ్ళలో థర్మామీటర్‌తోపాటు ఉంచి కాచండి. దాని మీద అచ్చువేసిన ఉష్ణోగ్రతకు అటూ ఇటూగా తెరుచుకోవాలి. చివరగా మూత రబ్బరు వాషర్.

ఇవన్నీ బాగుండి కూడా నీరు తగ్గుతూ ఉంటే, ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడితే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. అది ఇంట్లో తేలే పని కాదు. మెకానిక్‌ను పిలవాల్సిందే.

1888లో బెర్తా చేసిందీ ఇదే: కారణం వెతికింది, చేతనైనది సరిచేసింది, ప్రయాణం సాగించింది. మనకు ఆమెకు లేని సౌకర్యాలున్నాయి. ఆమెకు లేని ప్రమాదం కూడా ఒకటుంది, బిగించిన ఆ మూత. దాన్ని మాత్రం చివరనే తీయండి.