రంగం గదులు: గాలీ, వెలుతురూ

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పెద్దవాళ్ళ నోట "రంగం పోయాడు" అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. రంగం అంటే రంగూన్, నేటి యాంగోన్. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ మనవాళ్ళను కొరంగీలు అనేవారు. వాళ్ళ సంపాదన గురించి కథలు చాలానే ఉన్నాయి. వాళ్ళు పడుకున్న గదుల గురించి మాత్రం తక్కువ. ఇంజనీరుని కాబట్టేమో, నాకు ఆ గదులమీదే ధ్యాస.

1852లో ఆంగ్లేయులు రంగూన్‌ను ఆక్రమించాక సూలే పగోడా చుట్టూ గళ్ళుగళ్ళుగా వీధులు వేశారు. వాటిలో ఇళ్ళు సన్నగా, లోతుగా, పక్కింటి గోడకు ఆనుకుని లేచాయి. అలాంటి ఇంటికి ముందూ వెనకా తప్ప కిటికీ పెట్టే వీలుండదు. 1931 జనాభా లెక్కల్లో ఊరి జనం 4,00,415; అందులో 2,12,929 మంది భారతీయులే. రేవులో బరువులు మోసిన తెలుగు కూలీలు లాడ్జింగ్ హౌసుల్లో కిక్కిరిసి ఉండేవారు. 1930 మేలో కూలి పెంచమని వాళ్ళు సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో తెచ్చిన బర్మీయులను సమ్మె ముగియగానే పొమ్మన్నారు. ఆ అల్లర్లలో మనవాళ్ళెందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. కూలి డబ్బుల గొడవ చరిత్రకెక్కింది. గాలాడని గది ఎక్కలేదు.

ఊళ్ళో చల్లదనం లేక కాదు. తెల్లవాళ్ళ షికారుకు రాయల్ లేక్స్ ఉండేవి, నేటి కాండోజీ. బాటసారుల కోసం చెట్టునీడన మట్టికుండల్లో నీళ్ళు పెట్టడం బర్మీయుల ఆచారం. అది మన చలివేంద్రమే. నీడ, నీరు, గాలి మనిషికి ఊరటనిస్తాయని రెండు జాతులకూ తెలుసు. కూలివాడి గదిలోకే అవి రాలేదు.

ఇది వట్టి సెంటిమెంటు కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. పెన్సిల్వేనియా ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో, కిటికీలోంచి చెట్లు కనబడ్డవాళ్ళు ఇటుక గోడ కనబడ్డవాళ్ళకన్నా త్వరగా ఇంటికెళ్ళారు. బలమైన నొప్పిమందులూ తక్కువే వాడారు. మా ఆఫీసులో కిటికీ పక్క సీటుకి పోటీ ఊరికే లేదు!

1942లోనూ, 1964 తర్వాతా వేలాది తెలుగువాళ్ళు రంగం వదిలి వచ్చేశారు. మనం వలసవెళ్ళిన ఊళ్ళలో ఇప్పుడు గుళ్ళూ, కమ్యూనిటీ హాళ్ళూ మన డబ్బుతో మనమే కట్టుకుంటున్నాం. రంగం కూలీలకు లేని అవకాశమిది. ప్లాను గీసేటప్పుడు పార్కింగుతోపాటు పెద్ద కిటికీలు, అవతల నాలుగు చెట్లు, లోపల ఓ తులసికోట కూడా అడుగుదాం.