నల్లరేగడికి నీళ్ళెందుకు?

రాత్రి నానవేసిన శనగలు తెల్లవారేసరికి ఉబ్బుతాయి. ఉప్పు చల్లిన మామిడిముక్కలు నీళ్ళు వదులుతాయి. ఈ రెండింటికీ మూలం ఒక్కటే: నీరు తన శక్మం ఎక్కువున్న చోటినుండి తక్కువున్న చోటికి పోతుంది. శుద్ధజలపు శక్మం సున్న. లవణం కలిసినా, మట్టిరేణువులు బిగబట్టినా అది సున్నకు దిగువకు జారుతుంది. మట్టికన్నా వేరుకణంలో శక్మం తక్కువైనప్పుడే నీరు కణంలోకి చేరుతుంది. స్లాటియర్, టేలర్ అనే శాస్త్రజ్ఞులు ఈ పరిభాషను ప్రతిపాదించినది 1960లో.

అంతకు ఎన్నో దశాబ్దాల క్రితమే మా కడప, కర్నూలు సీమల్లో ఈ విషయమై ఒక పెద్ద తగవు నడిచింది. 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇవ్వగా, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల నుండి కడప దాకా కాలువ త్రవ్వింది. నీళ్ళు వచ్చాయి; కొనే రైతులే కరువయ్యారు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చింది.

రైతుది మూఢత్వమన్న దొరలున్నారు. నీటితీరువ భారం ఒక కారణమన్నది నిజమే. అయితే రెండవ కారణం కాళ్ళ క్రిందనే ఉంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి వాననీటిని లోలోపల దాచుకొని, జొన్నకూ ప్రత్తికీ నెలల తరబడి అందిస్తుంది. ఆ నేలను కాలువనీటితో ముంచితే సందులు మూసుకొని వేళ్ళకు గాలి ఆడదు. మురుగు పోయే దారి లేకుంటే ఉప్పు పైకి తేలి నేల చౌడుబారుతుంది. అప్పుడు మట్టినీటి శక్మం పడిపోయి, తడిలో నిలిచిన పైరే వాడిపోతుంది. రైతుకు శక్మమనే మాట తెలియదు, దాని ఫలితం తెలుసు.

అలాగని రైతు నీటికి శత్రువు కాడు. 1876లో మొదలైన ధాత కరువు తడి ఇంకిన రేగడి ఎంత కఠినమో చూపింది. శక్మం సుమారు మైనస్ 1.5 మెగాపాస్కళ్ళకు దిగితే మట్టిలో తేమ మిగిలి ఉన్నా చాలా పైర్లు దానిని లాగుకోలేవు. తరువాతి తరాల్లో ఇదే కె.సి. కాలువ నీటికోసం రైతులు ఆందోళనలు చేశారు. పులివెందుల చీనీతోటల్లో నేడు బొట్టుబొట్టుగా పారించే బిందుసేద్యం వేరుకు తడినీ గాలినీ రెండింటినీ దక్కనిస్తుంది.

ఎంత నీరు అన్నది ఒక ప్రశ్న. ఏ నేలకు, ఎప్పుడు అన్నది మరో ప్రశ్న. కంపెనీ మొదటిదే లెక్కవేసింది. రెండవది రైతును అడిగి ఉంటే కాలువ చరిత్ర వేరుగా ఉండేదేమో! మిత్రులు ఆలోచించగలరు.