అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన యుద్ధం

ఆదివారం అబిడ్స్ వెళ్తే ఏదో ఒక పాత పుస్తకం కొనకుండా రాలేను. ఈసారి అట్ట ఊడిపోయిన వియత్నాం యుద్ధం పుస్తకం దొరికింది. "సౌ దే దో సాబ్" అన్నాడు, ఇచ్చేశాను. నాంపల్లి స్టేషన్లో బావ రైలు కోసం కూర్చుని చదివింది "ఇగ్లూ వైట్" గురించి.

సంగతేంటంటే, ఉత్తర వియత్నాం వాళ్ళు లావోస్ అడవుల్లోంచి, హో చి మిన్ బాట మీద, ఎక్కువగా రాత్రిళ్ళు లారీలు నడిపేవాళ్ళు. పైనుంచి కనబడవు. కనబడకపోతే విందాం అన్నారు 1966లో జేసన్ బృందం శాస్త్రవేత్తలు. రక్షణ మంత్రి మెక్‌నమారా సరేనన్నాడు. విమానాల్లోంచి వేలకొద్దీ సెన్సర్లు జారవిడిచారు. కొన్ని మేకుల్లా నేలలో దిగబడి అదురు పట్టేవి, బయటికి కనిపించే యాంటెన్నా అచ్చం మొక్కలా ఉండేది. కొన్ని పారాచూట్‌తో చెట్లకి వేలాడుతూ చప్పుళ్ళు వినేవి. ఆ సిగ్నల్‌ని పైన తిరిగే విమానం అందుకుని థాయ్‌లాండ్‌లోని నఖోన్ ఫనోమ్‌కి పంపేది. అక్కడ ఐబీఎం 360/65 కంప్యూటర్లు.

కష్టాలు మనకి తెలిసినవే. బ్యాటరీ అయిపోతే మళ్ళీ విమానం వెళ్ళి కొత్తవి వెయ్యాలి. ఎక్కడ పడిందో కచ్చితంగా తెలియకపోతే మోగినా దండగే. ఒక్కటే మోగితే ఉరుమో, జంతువో. వరసలో ఒకదాని తర్వాత ఒకటి మోగితే లారీ అన్నమాట. మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే వేగం, దాన్నిబట్టి బాంబు ఎక్కడ వెయ్యాలో లెక్క.

మన గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినబడుతుంది. బ్యాటరీ గొడవ లేదు. పైగా విన్నాక, వచ్చిందెవరో చూడ్డానికి మనిషి ఉండేవాడు!

అసలు తిరకాసు అక్కడే. ఏడాదికి సుమారు వంద కోట్ల డాలర్లు ఖర్చు. ఎయిర్‌ఫోర్స్ ఒక్క 1970–71 ఎండాకాలంలోనే ఇరవై వేలకి పైగా లారీలు ధ్వంసమో, దెబ్బతినడమో జరిగిందని చెప్పుకుంది. సీఐఏ ఆ లెక్కల్లో చాలా భాగం కొట్టేసేది. 1972 వసంతంలో ఉత్తర వియత్నాం సైన్యం ఏకంగా ట్యాంకులతో దాడికి దిగింది. మరి ఆ లారీలన్నీ పోయి ఉంటే ఇదెలా జరిగింది? మోగిన చోట బాంబు వేశారు, చప్పుడు ఆగింది, ఒక లారీ పోయిందని రాసుకున్నారు. డ్రైవరు ఇంజన్ ఆపి కూర్చున్నాడేమో ఎవరు చూశారు?

నేనూ ఒకసారి, అలర్ట్‌లు ఆగిపోయాయి కదా అని సర్వర్ బాగయిందని రిపోర్ట్ పంపాను. అలర్ట్ పంపే ప్రోగ్రామే చచ్చిపోయిందని తెల్లారాక తెలిసింది. నాకు పోయింది ఒక రాత్రి నిద్ర. లావోస్ మీద 1964–73 మధ్య ఇరవై లక్షల టన్నులకి పైగా బాంబులు పడ్డాయి. అందులో పేలకుండా మిగిలినవి అక్కడి పొలాల్లో ఇప్పటికీ ఉన్నాయి.