ఎండమావి

ఎండమావి (మరీచిక) అనగా వేడెక్కిన నేలపై గాలిలో కాంతి వక్రీభవనం చెందుట వలన దూరాన నీరున్నట్లు కనబడే దృగ్విషయము. వర్షచ్ఛాయా ప్రాంతమైన అనంతపురం పీఠభూమిలో వేసవి మధ్యాహ్నాలలో తారురోడ్లపై ఇది తరచుగా కనిపిస్తుంది. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టుకు వెళ్ళిన గాస్పార్డ్ మోంజ్ దీనికి శాస్త్రీయ వివరణ ఇచ్చాడు.

నేలనానుకొన్న గాలి వేడికి పలుచబడి, దాని వక్రీభవన గుణకం పైగాలి గుణకం కంటె తగ్గుతుంది. అసలు గాలి గుణకమే 15 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 1.00028; కావున ఈ తేడా అత్యల్పం. అందువలననే నేలకు దాదాపు సమాంతరంగా వచ్చే కిరణాలు మాత్రమే పైకి వంగి కంటిని చేరగలవు. దగ్గరకు పోయేకొద్దీ "నీరు" వెనుకకు జరగటానికి కారణమిదే. కనబడేది ఆకాశమే. ఇది మనోభ్రాంతి కాదు, కెమెరాకు కూడా చిక్కుతుంది.

అపోహలు

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులలో పలువురు దీనిని సంపూర్ణాంతర పరావర్తనంగా బోధిస్తారు. అయితే గాలిలో గుణకం క్రమంగా మారుతుందే గాని, పరావర్తనం జరుగుటకు తగిన స్పష్టమైన హద్దు ఏదీ లేదు. కిరణం ఒకచోట విరగక కొద్దికొద్దిగా వంగుతుంది.

"సాంద్రతర యానకం" అనే మాట తెచ్చిన చిక్కు ఇంకా పెద్దది. ఇక్కడి సాంద్రత ద్రవ్యసాంద్రత కాదు. కిరోసిన్ నీటిపై తేలుతుంది, కాని దాని గుణకం 1.44, నీటిది 1.33. గాలి విషయంలో మాత్రం సాంద్రత, గుణకం కలిసి తగ్గుతాయి గనుక, ఎండమావిని ఉదాహరణగా చెప్పినపుడు ఈ అపోహ మరింత బలపడుతుంది. పక్కనే కిరోసిన్ ఉదాహరణ కూడా చెప్పుట మేలు.