జవాబు కోసం నోడ్ ఎదురుచూసిన తీరు

‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం 6 యూనికోడ్ గుర్తులు. తెలుగు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. ఈ లెక్క నాకు బుర్రకెక్కింది ఒక వార్తల సైటుకు పనిచేసే రోజుల్లో. సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో రాసిన, ఇంకో సర్వర్ నుంచి శీర్షికలు తెచ్చి చూపించే ప్రోగ్రామ్ అది. మామూలుగా బాగానే నడిచేది. ఉన్నట్టుండి ఏదో ఒక శీర్షిక నడుమ నల్లటి వజ్రం గుర్తులో ప్రశ్నార్థకం ప్రత్యక్షమయ్యేది. అదే ప్రోగ్రామ్ ఇంగ్లిష్ శీర్షికల్లో ఒక్కసారి కూడా తప్పు చేయలేదు.

రెండు రోజులు వెతికితే దొరికింది. నెట్‌వర్క్ మీద జవాబు ఒకేసారి రాదు, ముక్కలుగా వస్తుంది. వచ్చిన ముక్కను వచ్చినట్టే స్ట్రింగ్‌గా మార్చి ముందుదానికి అతికించడం అప్పట్లో అందరూ నేర్చుకున్న పద్ధతి. ఇంగ్లిష్ అక్షరానికి ఒకటే బైటు, అందులో తెగడానికి మధ్య అంటూ లేదు. తెలుగులో మాత్రం ముక్క సరిగ్గా ‘త’ రెండో బైటు దగ్గర తెగిందంటే, ఇటు సగం అటు సగం రెండూ చెడిపోతాయి. మందు ఒక్క లైనే: రెస్పాన్స్ మీద ‘సెట్‌ఎన్‌కోడింగ్’ పిలవడం. అది అరకొర అక్షరాన్ని దగ్గర పెట్టుకుని, మిగతా బైట్లు వచ్చాకే మనకు అందిస్తుంది.

ఒక వెబ్ చిరునామాకు అడిగి జవాబు తెచ్చుకోవడమనే చిన్న పనికి ప్రోగ్రామర్ బైట్ల దాకా ఎందుకు దిగాల్సి వచ్చింది? సర్వర్‌లో జావాస్క్రిప్ట్ వెబ్‌ను అడిగిన చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నోడ్‌తో పుట్టింది కాదు. బ్రెండన్ ఐక్ 1995లో ఆ భాషను తయారుచేసిన కొద్ది కాలానికే నెట్‌స్కేప్ దాన్ని లైవ్‌వైర్ పేరుతో సర్వర్‌లోకి తెచ్చింది. మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ పేజీల్లో జేస్క్రిప్ట్ రాసేవాళ్లు వేరే సైటును అడగడానికి సర్వర్‌ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ అనే వస్తువును వాడేవారు. అక్కడ మామూలు పద్ధతి ఒకటే: అడుగు, జవాబు వచ్చేదాకా ఆ లైను దగ్గరే ఆగు.

ఆ ఆగడం మీదే ర్యాన్ డాల్ తిరగబడ్డాడు. 2009 నవంబరులో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ సభలో నోడ్‌ను పరిచయం చేస్తూ ఆయన ఒక లెక్క చూపించాడు. ప్రాసెసర్ పక్కనే ఉన్న ఎల్1 క్యాష్ నుంచి సమాచారం తేవడానికి 3 సైకిళ్లు, మెమరీ నుంచి 250. అదే నెట్‌వర్క్ నుంచి అయితే 24 కోట్లు. అన్ని సైకిళ్లు ఊరికే కూర్చోవడం దేనికి? జవాబు వచ్చాక చేయాల్సిన పనిని ఒక ఫంక్షన్‌గా అప్పగించి, ఈలోగా వేరే పని చూసుకోమన్నాడు. క్రోమ్ బ్రౌజర్‌లోని వీ8 ఇంజిన్ అప్పటికే సిద్ధంగా ఉంది. ఇలా ఫంక్షన్ అప్పగించే కాల్‌బ్యాక్ అలవాటు జావాస్క్రిప్ట్‌కు పుట్టుకతోనే ఉంది.

నోడ్ మనసంతా సర్వర్ మీదే ఉండేది. బయటికి అడిగే వైపు మొరటుగా ఉండిపోయింది. మొదట ‘క్రియేట్‌క్లయింట్’కు పోర్టు, హోస్టు విడివిడిగా ఇచ్చి, తర్వాత దారి చెప్పాలి. ఆపైన ‘హెచ్‌టీటీపీ డాట్ రిక్వెస్ట్’ వచ్చినా, చివర ‘ఎండ్’ పిలవడం మరిచామా, రిక్వెస్ట్ పూర్తికాదు, జవాబూ రాదు. ఎర్రర్ కూడా కనిపించకపోవచ్చు. దీనికి తోడు ఒక హోస్టుకు ఒకేసారి 5 సాకెట్లే అన్న పరిమితి. అవతలి సర్వర్ నెమ్మదించి ఆ ఐదూ ఇరుక్కుంటే ఆరో రిక్వెస్ట్ చప్పుడు లేకుండా క్యూలో నిలబడేది. ఆగకూడదని పుట్టిన నోడ్‌లోనే ఇదొక దాగిన నిరీక్షణ. 2015లో 0.12 వెర్షన్ వచ్చాక గానీ ఆ పరిమితి పోలేదు.

ఈ మొరటుతనాన్ని కప్పింది నోడ్ కాదు, బయటి స్వచ్ఛంద రచయితలు. మికీల్ రోజర్స్ రాసిన ‘రిక్వెస్ట్’ లైబ్రరీ, నోడ్ ప్యాకేజీల భాండారమైన ఎన్‌పీఎం తొలినాళ్ల ప్యాకేజీల్లో ఒకటి. చిరునామా ఇవ్వు, ఫంక్షన్ ఇవ్వు, మొత్తం జవాబు తీసుకో, అంతే. ముక్కలు ఏరుకునే పని అది చూసుకునేది. కొన్నేళ్ల పాటు నోడ్‌లో వెబ్‌ను అడగడమంటే దాదాపు ఈ లైబ్రరీయే.

కానీ ఒక జవాబును బట్టి ఇంకో ప్రశ్న, దాన్ని బట్టి మరొకటి అడగాల్సి వస్తే కాల్‌బ్యాక్‌లో కాల్‌బ్యాక్ చొరబడి కోడ్ కుడివైపుకు ఒరిగిపోయేది. నిజానికి డాల్ 2009 జూన్‌లోనే నోడ్‌లో, రాబోయే జవాబుకు బదులుగా ముందే చేతికిచ్చే ప్రామిస్‌లు పెట్టి, 2010 ఫిబ్రవరిలో తీసేశాడు. అది పొరపాటని 2018లో అదే బెర్లిన్‌లో, అదే సభలో ఒప్పుకున్నాడు. ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించే ఘట్టం ఇదే. ప్రామిస్ 2015లో భాషలోకే వచ్చింది. 2017లో నోడ్ 7.6తో ‘అసింక్-అవేట్’ నేరుగా వాడకంలోకి వచ్చాక కోడ్ మళ్లీ ఏఎస్‌పీ రోజుల్లోలా పైనుంచి కిందికి చదువుకోగలిగేలా తయారైంది. తేడా ఏమంటే, చూపుకు ఆ లైను దగ్గర ఆగినట్టుంటుంది గానీ సర్వర్ ఆగదు.

ఈలోగా యాక్సియోస్, గాట్ లాంటి లైబ్రరీలు వచ్చాయి. బ్రౌజర్లలో ‘ఫెచ్’ రావడంతో అదే పద్ధతిని సర్వర్‌లోనూ ఇవ్వాలని 2015లో నోడ్-ఫెచ్ పుట్టింది. రోజర్స్ బృందం 2020 ఫిబ్రవరిలో ‘రిక్వెస్ట్’ను విరమించింది. దాని పునాదులు కాల్‌బ్యాక్ కాలంవి. లెక్కలేనన్ని ప్యాకేజీలు దాని మీద నిలబడ్డాయి గనుక కదిలించడానికీ లేదు. ఆదరణ ఉండగానే పక్కకు తప్పుకుని కొత్తవాటికి చోటిచ్చిన ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

నోడ్ సొంత హెచ్‌టీటీపీ క్లయింటుదీ అదే చిక్కు. దాన్ని మారిస్తే పాత కోడ్ విరుగుతుంది. అందుకే ఇటలీకి చెందిన మాటియో కొలీనా 2018లో కొత్త క్లయింటును మొదట్నుంచీ రాయడం మొదలుపెట్టి ‘ఉందిచి’ అని పేరు పెట్టాడు. ఇటాలియన్‌లో పదకొండు అని అర్థం, హెచ్‌టీటీపీ 1.1కు గుర్తు. నోడ్ లాంటిదే డాల్ కొత్తగా కట్టిన డెనోలో ఫెచ్ ముందే ఉంది. చివరికి 2022 ఏప్రిల్‌లో నోడ్ 18, ఉందిచి మీద నిలబెట్టిన ఫెచ్‌ను ఏ ప్యాకేజీ అవసరం లేకుండా అందించింది. 2023 అక్టోబరులో నోడ్ 21తో దాని మీద ప్రయోగాత్మకమన్న ముద్ర తొలగింది. పరిచయ సభ నుంచి నోడ్ 18 దాకా పన్నెండేళ్లు దాటాయి.

ఫెచ్‌కూ దాని మెలికలు ఉన్నాయి. అవతలి సర్వర్ 404 అన్నా 500 అన్నా దాని దృష్టిలో జవాబు వచ్చినట్టే. ‘ఓకే’ గుణాన్ని మనమే చూసుకోవాలి. కానీ ‘టెక్స్ట్’ అని పిలిస్తే మొత్తం బైట్లను యూటీఎఫ్-8గా కలిపి చదివి ఇస్తుంది. ‘స్త్రీ’ ఎక్కడ తెగినా మన చేతికి నిండుగా వస్తుంది. తెలుగు సైటుకు సంబంధించిన పాత నోడ్ కోడ్ ఎవరైనా చూడమని ఇస్తే, నేటికీ నేను ముందు వెతికేది సెట్‌ఎన్‌కోడింగ్ లైను కోసమే.