జబ్బు జీతం: పది గంటల గీత

'రెక్కాడితే గాని డొక్కాడదు' అన్నారు పెద్దలు. రెక్క ఆడని రోజున డొక్క సంగతి ఎవరు చూడాలన్న ప్రశ్నకు మాత్రం ఆ సామెతలో సమాధానం లేదు. ఆ సమాధానాన్ని చట్టంలో వ్రాసుకున్న తొలి దేశాలలో జర్మనీ ఒకటి. అయితే అక్కడ కూడా ఆ చట్టపు నీడ రోజుకు రెండు గంటలు మాత్రమే పనిచేసే మనిషి దాకా రావడానికి నూట పదేళ్లు దాటింది. ఎందుకంత కాలం పట్టిందో చెప్పుకోవడమే ఈ టపా ఉద్దేశం.

1883 జూన్ 15న, బిస్మార్క్ ఛాన్సలరుగా ఉన్న కాలంలో, కార్మికుల ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. కార్మికుల మీద ప్రేమ కన్నా, వారు సోషలిస్టుల వైపు పోతారేమోనన్న భయమే దానికి ఎక్కువ ప్రేరణ అని చరిత్రకారులు చాలామంది అంటారు. కారణం ఏదైనా ఫలం పెద్దదే. జబ్బుపడిన కార్మికుడికి మూడవ రోజు నుంచి, పదమూడు వారాల వరకు, కూలిలో సగం లెక్కన భత్యం దొరికింది. చందాలో రెండు వంతులు కార్మికుడివి, ఒక వంతు యజమానిది. కాని ఆ తొలి చట్టంలోనే ఒక గీత ఉంది. పని స్వభావరీత్యా తాత్కాలికమైనా, ఒప్పందం వారం రోజుల లోపుదైనా ఈ బీమా నిర్బంధం కాదు. అంటే జబ్బు జీతం పుట్టిన రోజునే 'వీరు మన లెక్కలోని వారు కారు' అన్న మాట కూడా పుట్టింది.

ఇంకొక గీత అంతకన్నా పాతది. 1861 నాటి జర్మన్ వాణిజ్య స్మృతి ప్రకారం, దుకాణంలోనో కోఠీలోనో పద్దులు వ్రాసే గుమాస్తా తన తప్పు లేకుండా పనికి రాలేకపోతే ఆరు వారాల పాటు జీతం ఆగదు. ఆ జీతం ఇచ్చేది బీమా నిధి కాదు, యజమానే. 1930 దశకారంభానికి ఈ హక్కు నెలజీతపు ఉద్యోగులందరికీ తప్పనిసరి అయింది. గంటల కూలి తీసుకునే కార్మికుడికి మాత్రం బీమా నిధి ఇచ్చే తక్కువ భత్యమే గతి. ఒకే కర్మాగారం, ఒకే జ్వరం. మేడ మీద బల్ల దగ్గర కూర్చున్నవాడికి పూర్తి జీతం, కింద కొలిమి దగ్గర నిలబడినవాడికి అందులో కొంత.

ఈ తేడా మీదనే 1956 అక్టోబరు 24న ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో లోహ కార్మికులు సమ్మెకు దిగారు. ఓడలు కట్టే రేవులలోనూ యంత్రశాలలలోనూ పనిచేసే ముప్పైవేల మందికి పైగా అందులో పాల్గొన్నారు. అది చలికాలం గుండా సాగి, పదహారు వారాలు నడిచింది. నాయకత్వం తెచ్చిన రాజీ ప్రతిపాదనలను సభ్యులు ఓటింగులో తిరస్కరించారు. చివరి ఓటింగులో కూడా ఎక్కువమంది వద్దన్నారు గాని, సమ్మె కొనసాగడానికి కావలసిన మూడు వంతుల బలం లేకపోయింది. 1957 ఫిబ్రవరిలో సమ్మె ముగిసింది. ఆ వేసవిలోనే పార్లమెంటు చట్టం చేసింది: బీమా భత్యానికి యజమాని కొంత కలిపి, నికర కూలిలో తొంభై శాతం అందేటట్లు చూడాలి. 1961లో అది నూరు శాతమయింది. 1969లో వచ్చిన కొత్త చట్టం 1970 జనవరి 1 నుంచి కార్మికుడికి కూడా ఆరు వారాల పూర్తి కూలి యజమానే చెల్లించాలన్నది. ఇరవై మందికి లోబడి పనివారున్న చిన్న యజమానులు ఆ భారానికి కుంగిపోకుండా, ఖర్చులో ఎనభై శాతం తిరిగి ఇచ్చే ఉమ్మడి నిధి ఏర్పాటు కూడా అందులో ఉంది. ఇరుపక్షాలనూ ఆలోచించి చేసిన చట్టమని ఒప్పుకోవాలి.

కాని నూరేళ్ల తేడాను చెరిపిన ఆ చట్టమే కొత్త గీత గీసింది. వారానికి పది గంటలకు గాని, నెలకు నలభై అయిదు గంటలకు గాని మించి పని లేని కార్మికులకు ఈ హక్కు లేదు. పాత అంతస్తుల భేదం వెనుక తలుపు గుండా మళ్లీ లోపలికి వచ్చింది. ఎందుకంటే నెలజీతపు ఉద్యోగుల విషయంలో ఇటువంటి గంటల నిబంధన లేదు. వారానికి ఎనిమిది గంటలు టైపు చేసే ఆమె జబ్బుపడితే జీతం వస్తుంది. అదే గదిని వారానికి ఎనిమిది గంటలు తుడిచే ఆమె జబ్బుపడితే రాదు.

ఆ తుడిచే ఆమె ఒకరు ఊరుకోలేదు. కార్యాలయాలు శుభ్రపరిచే ఒక సంస్థలో వారానికి పది గంటలు పనిచేసే ఆమె, జబ్బుపడి పోగొట్టుకున్న కూలి కోసం ఓల్డెన్‌బుర్గ్ కార్మిక న్యాయస్థానానికి వెళ్లింది. ఆ న్యాయస్థానం లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానాన్ని అభిప్రాయం అడిగింది. పార్ట్‌టైం పనివారికీ పూర్తికాలపు పనివారికీ సమానత్వం కావాలని చెప్పే సూత్రం అప్పటికి యూరోపియన్ చట్టంలో లేదు. ఉన్నది 1957 నాటి రోమ్ ఒప్పందంలోని 119వ అధికరణం: స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం. పది గంటల లోపు పనివారిలో అత్యధికులు స్త్రీలు కావడం వలన వాదన ఆ దారిన నడిచింది.

జర్మనీ ప్రభుత్వం ఇచ్చిన సమాధానం గమనించదగ్గది. ఇంత తక్కువ గంటలు పనిచేసేవారు మిగిలిన వారిలాగా సంస్థలో కలిసిపోయినవారు కారు, దాని మీద అంతగా ఆధారపడినవారు కారు అన్నది. 1989 జులై 13న వెలువడిన తీర్పు (171/88వ కేసు) ఈ మాటలను ఒక వర్గం మనుషుల గురించిన సాధారణ అభిప్రాయాలుగానే లెక్కగట్టింది. వివక్షకు అవి సమర్థన కాలేవన్నది. లింగభేదంతో సంబంధం లేని వాస్తవ కారణాలు ప్రభుత్వం చూపగలిగితే తప్ప ఈ మినహాయింపు చెల్లదని తేల్చింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. పది గంటల మనిషికి నలభై గంటల మనిషితో సమానంగా డబ్బు ఇమ్మని ఎవరూ అడగలేదు. ఆరు వారాలు మంచాన పడితే పూర్తికాలపు కార్మికుడు పోగొట్టుకునేది 240 గంటల కూలి, ఆమె పోగొట్టుకునేది 60 గంటల కూలి. ఆ 60 గంటలే ఆమె అడిగింది. యజమాని భారం కూడా ఆ దామాషాలోనే ఉంటుంది. కనుక న్యాయం అంటే ఒకే మొత్తం కాదు, ఒకే కొలత. సంపాదన తక్కువ కాబట్టి నష్టం కూడా తక్కువే అనుకోవడం అంకెలలో నిజం కావచ్చు, సంసారంలో కాదు.

1994లో అమలయిన కొత్త జర్మన్ చట్టం ఉద్యోగి, కార్మికుడు, పార్ట్‌టైం అన్న గీతలన్నీ చెరిపి అందరికీ ఆరు వారాల హక్కు ఇచ్చింది. 1996లో జీతాన్ని ఎనభై శాతానికి తగ్గించారు, 1999 నుంచి మళ్లీ నూరు చేశారు. ఆ ఎగుడుదిగుళ్లలో కూడా పది గంటల గీత తిరిగి రాలేదు. తగ్గినప్పుడు అందరికీ తగ్గింది, పెరిగినప్పుడు అందరికీ పెరిగింది. 1997లో యూరోపియన్ ఆదేశం దామాషా సూత్రాన్ని స్పష్టంగా వ్రాసింది. ఇక స్త్రీపురుష భేదం దారిన చుట్టు తిరిగి వెళ్లవలసిన పని లేకపోయింది.

మన దేశంలో 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం (మనం ఈఎస్ఐ అని పిలిచేది) కూడా జబ్బు భత్యమిచ్చిన చట్టమే. దాని కింది నియమావళిలో ఒక అంకె ఉంది: ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా ఉంటేనే జబ్బు భత్యానికి అర్హత. ఆరు నెలలంటే ఇరవై ఆరు వారాలు. వారానికి మూడు రోజులు పని దొరికినవాడు సరిగ్గా 78 దగ్గర ఆగుతాడు. రెండు రోజులే దొరికినవాడికి 52. అతని పేర చందా జమ అవుతుంది గాని, జ్వరం వచ్చినప్పుడు ఆ భత్యం రాదు. బీమా నిధి నిలవాలంటే ఏదో ఒక కనీస షరతు అవసరమే, కాదనను. కాని ఆ షరతు వెనుక ఉన్నది లెక్కా, లేక 'వాడు మనలో పూర్తిగా కలిసినవాడు కాడు' అన్న పాత అభిప్రాయమా అని అడగడం కూడా అంతే అవసరం.

ఈ చరిత్రలో నాకు కనబడినది ఇంతే. గీత మారినప్పుడల్లా దాని సమర్థన జబ్బు గురించి మాట్లాడలేదు, జబ్బుపడిన మనిషి ఎటువంటివాడో మాట్లాడింది. ఓల్డెన్‌బుర్గ్ న్యాయస్థానం మెట్లెక్కిన ఆమె అడిగినది కొద్ది గంటల కూలి. ఆ కొద్ది గంటల ముందు శతాబ్దపు వాదన నిలవలేదు.