లెక్క రాసుకునే సర్వే, లెక్క అడిగే సభ

నల్లా నీళ్లు సరిగ్గా వస్తున్నాయా, చెత్తబండి రోజూ తిరుగుతోందా అని సర్కారు జనాన్ని అడగడం ఇటీవలి ముచ్చట. అంతకు ముందు గడప తొక్కిన సర్వేలన్నీ మన లెక్క రాసుకోవడానికే వచ్చాయి. ఇంట్లో ఎంతమంది, భూమెంత, పశువులెన్ని? 1940లలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ నిజాం రాజ్యంలో గోదావరి ఒడ్డు కొండరెడ్ల గూడేలు తిరిగి, కలప, వెదురు కాంట్రాక్టర్ల దోపిడీని నమోదు చేశాడు. అప్పుడూ ప్రశ్న ఆయనది, రాత ఆయనది. తీర్పు చెప్పే వంతు గూడేనికి రాలేదు.

సేవలకు జనం చేత మార్కులు వేయించే పద్ధతికి మన దేశంలో దారి వేసింది బెంగళూరు. 1994లో శామ్యూల్ పాల్ అక్కడ 'సిటిజన్ రిపోర్ట్ కార్డు' తెచ్చాడు. నీళ్లు, కరెంటు, ఆస్పత్రులు ఎలా ఉన్నాయి, లంచం అడిగారా అని ఆరా తీసి, ఏ సంస్థకెన్ని మార్కులో బయటపెట్టాడు. 1999లో, 2003లో మళ్లీ అడిగాడు కాబట్టి ఎవరు మారారో, ఎవరు మారలేదో తేలింది.

మన దగ్గర ఆ పని ఇంకో రూపంలో మొదలైంది. 2006లో ఉపాధి హామీ తొలి విడత జిల్లాల్లో ఖమ్మం ఒకటి. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. ఊళ్లలోని చదువుకున్న యువత కూలీల హాజరు రాసే మస్టర్ రోల్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. రాసినన్ని రోజులు పని దొరికిందా, కూలి చేతికందిందా అని అడిగి, జవాబుల్ని మండల ప్రజావేదికలో అధికారుల ముందే చదివారు.

తర్వాత తెలంగాణలో వచ్చిన పెద్ద సర్వేలు మళ్లీ లెక్కలవే. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సాగిన సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుటుంబ సర్వే ఆ కోవలోవే. 2016 నుంచి పట్టణాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ పట్టణవాసుల అభిప్రాయం అడుగుతోంది. అయితే ఖమ్మం కార్పొరేషన్ వాసి ఫోన్లో చెప్పిన జవాబు ఊరి ర్యాంకులో కలుస్తుంది. అతని వీధి సంగతి ఏమైందో అతనికి తిరిగి చెప్పేవారుండాలి.

భద్రాచలం దారి వేరు. ఐదో షెడ్యూలు ప్రాంతం కావడంతో అంత పట్టణమూ గ్రామపంచాయతీయే. రాజ్యాంగంలోని పురపాలికల భాగం అక్కడ నేరుగా వర్తించదు. కానీ షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభకు గట్టి అధికారమే ఇచ్చింది. పథకాల కోసం పంచాయతీ పెట్టిన ఖర్చుకు వినియోగ ధ్రువీకరణ ఇవ్వాల్సింది గ్రామసభే. ఇంతటి హక్కు ఏ ఫోన్ సర్వేలోనూ లేదు.

ఇక మారాల్సింది అడిగే తీరు. "నీళ్లు బాగున్నాయా?" అంటే ఎవరైనా తలూపుతారు. "పోయిన వారం ఎన్ని రోజులు నీళ్లొచ్చాయి? రాని రోజు చెలమకు పోయారా?" అనాలి. కోయ గూడెంలో కోయలోనే అడగాలి. అడిగేవారు ఆ పంచాయతీ సిబ్బంది కాకూడదు. జవాబుల్ని తర్వాతి గ్రామసభలో చదివి, ఏం చేశారో చెప్పాలి. ఏజెన్సీ పాఠకులకు ఒక మాట: వినియోగ ధ్రువీకరణ పత్రం సభ ముందుకొస్తే, పని చూశాకే సంతకం పెట్టండి.